అతుకు లేని శ్లాబు

ఫిబ్రవరి పన్నెండు, బుధవారం. స్థలం: భావనపాడు పక్కన, సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల పేట. పని: ఇంటి శ్లాబు.

హాజరైనవారు: ఇంటి యజమానురాలు, ఆమె అత్తగారు, మేస్త్రి, అతని మనుషులు పద్నాలుగురు, ట్రాక్టరు డ్రైవరు, నేను. యజమానురాలి భర్త వేటకు వెళ్ళి ఉన్నాడు, మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చాడు. ఆ తర్వాత పేటలోని ఆడవాళ్ళు ముప్పైమంది దాకా చేరారు. వాళ్ళు తమంతట తాము వచ్చారని మొదట రాసి, ఆ మాట కొట్టేశాను. వాళ్ళని పిలిచారు. ఎలా పిలిచారో రాయడానికి డైరీలో ఆ రోజుకున్న పేజీ సరిపోలేదు. అందుకే విడిగా ఈ కాగితాల మీద రాస్తున్నాను.

నేను కాలువ పనుల స్టోర్సులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. శృంగవరపుకోట దగ్గర మొదలుపెట్టిన ఉద్యోగం నరసన్నపేట దగ్గర ముగిసింది. ఇల్లు కూడా అక్కడే కట్టుకున్నాం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాయని రోజు లేదు. జ్వరం వచ్చిన రోజున "జ్వరం" అనైనా రాశాను.

ఆమె మా ఇంటికి పదిహేనేళ్ళుగా చేపలు తెస్తోంది. వారానికి మూడు రోజులు, పొద్దున్న ఎనిమిదిన్నర లోపల గుమ్మంలో గంప దింపుతుంది. వర్షమైనా సరే, ఆ వేళ తప్పదు. ఆమె రాక చూసి మా ఆవిడ పొయ్యి మీద చింతపండు పులుసు పెడుతుంది. భావనపాడు నుంచి మా ఊరికి చేపల ఆటో దారిలో ఊరూరా ఆగుతూ రావాలి. అన్నిచోట్ల ఆగుతూ ఆ వేళకి ఎలా రాగలుగుతుందో ఏనాడూ అడగలేదు. మా స్టోర్సుకి లారీ చెప్పిన రోజున వచ్చిన సందర్భాలు నా డైరీల్లో వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. నాకు తెలియనిదేదో ఈమెకి తెలుసని అప్పుడే అనుమానం రావలసింది.

కిందటి కార్తీకంలో ఒక ఉదయం గంప దింపి, చెంగుతో ముఖం తుడుచుకుని నాతో అంది.

"బాబూ, మీరు సిమెంటూ ఇనుమూ సూసినోరు కదా. ఇల్లు మొదలెడతన్నాం. సామాను ఎలగ తెప్పించాలో కాసింత సెప్పండి. మా మావకి వల తెలుసు, పడవ తెలుసు. మిగతాది నాకొగ్గీసినాడు."

మా ఆవిడ లోపలి నుంచి అందుకుంది. "ఆయన్ని తీసుకెళ్తే నీ గోడలు లేవకముందే పది నోటుపుస్తకాలు నిండిపోతాయి."

"నిండనీయండమ్మా. మా మావ నోటికంటే పుస్తకమే నయం." భర్తని ఆమె మావ అంటుంది.

వాళ్ళ పాత ఇంటికి రేకుల కప్పు ఉండేది. ఒక తుపాను గాలికి అది లేచిపోయింది. ఎవరి పెరట్లో పడిందో ఇప్పటికీ తెలియదని ఆమె నవ్వుతూ చెబుతుంది. ఆ పూట మంచం కింద అత్తగారిని దాచి, ఆ మంచం మీద తను బోర్లా పడుకుందట. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వదు. అప్పటి నుంచి టార్పాలిను కింద బతుకుతున్నారు. ఆమెకు కావలసిందల్లా కదలని కప్పు.

మర్నాడే వెళ్ళి స్థలం చూశాను. సముద్రానికి వంద గజాల లోపు. తారురోడ్డు నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఒడ్డుకి ఒకటే సందు. రెండు వైపులా కొబ్బరి మట్టల దడులు. ట్రాక్టరు పడుతుంది గానీ, అది ఉన్నంతసేపు మనిషి పక్కకి తప్పుకోవడానికి చోటుండదు. సామాను ముందుగా తెచ్చి పోసుకుందామంటే జాగా లేదు. అక్కడి ఇసుక ఉప్పు, బావి నీళ్ళు ఉప్పు. ఆ ఉప్పు కలిస్తే కాంక్రీటు లోపలి ఇనుముని తినేస్తుంది. కాబట్టి వంశధార ఇసుక, ట్యాంకరు నీళ్ళు, కంకర, సిమెంటు అన్నీ బయటి నుంచే రావాలి, వచ్చినవి ఆ పూటే వాడేయాలి. రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఖాళీ స్థలం ఉంది. సామాను అక్కడ దింపుకుని, పని రోజున ట్రాక్టరుతో ఇంటికి చేర్చాలని నిర్ణయించాను.

పునాది మీద బీము పోసే రోజుకి నేను ఒక పట్టిక తయారుచేశాను. నా ఉద్యోగమంతా అలాంటి పట్టికలే. స్టోర్సులో ఒక్కొక్క వస్తువుకి ఒక్కొక్క కార్డు ఉంటుంది. ఇసుకది ఇసుకకి, సిమెంటుది సిమెంటుకి. ఆ అలవాటు ప్రకారమే, ముందు ఇసుక అంతా, తర్వాత కంకర అంతా, చివర్న తడవకుండా సిమెంటు అని రాశాను. గీతలు స్కేలు పెట్టి కొట్టాను. చూడ్డానికి చాలా బాగుంది.

ఆ రోజు ట్రాక్టరు వెనక తొట్టిలో, అదే ట్రక్కులో, ఇసుక రెండుసార్లు వచ్చి ఇంటి ముందు పడింది. సందు నిండిపోయింది. కంకర ట్రక్కు వెనక్కీ ముందుకీ కదల్లేక మధ్యలో ఆగింది. సిమెంటు రోడ్డు మీదే ఉండిపోయింది. కాంక్రీటు కలిపే మిల్లరు ఊరికే తిరుగుతోంది, పద్నాలుగురు కూలీలు దడి నీడన కూర్చున్నారు. సరిగ్గా అప్పుడు ఒడ్డుకి పడవలు వచ్చాయి.

ఆ పేటలో ఒక కట్టుబాటు ఉంది. పడవలు ఒడ్డుకి వచ్చాయంటే సందు చేపలది. పెళ్ళి ఊరేగింపైనా పక్కకి ఆగాల్సిందే. అక్కడ అందరికీ అది తెలుసు కాబట్టి నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

గంపలతో వచ్చిన ఆడవాళ్ళు ఇసుక దిబ్బ దగ్గర నిలబడిపోయారు.

"ఎవులే ఇక్కడ ఇసక పోసినోడు?"

"నరసన్నపేట బాబంట."

"ఓలమ్మా! సముద్రం ఒడ్డుకి ఇసక తెచ్చినాడేటే ఈ బాబు!"

అంత కోపంలోనూ అందరూ నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, ఇసుకని కాళ్ళతో అటూ ఇటూ తోసి దారి చేసుకున్నారు. నది ఇసుక సందు ఇసుకలో కలిసిపోయి సగం పనికిరాకుండా పోయింది. బీము సగంలో ఆగింది. మిగతా సగం మర్నాడు పోశారు.

మేస్త్రి మా ఊరి వైపువాడే, నలభై ఏళ్ళవాడు. అరిచే మనిషి కాదు. ఆమెని పక్కకి పిలిచి చెప్పాడు. మా వైపు అప్ప అంటే అక్క.

"అప్పా, పునాది కాబట్టి సరిపోనాది. శ్లాబుకిలగయితే నాను రాను. శ్లాబు ఒక్కపాటున పోయాల. మద్దిలో గంట ఆగితే పాతదీ కొత్తదీ కలవవు, అతుకు పడతాది. ఆ అతుకులోంచి నీరు దిగతాది, ఇనుము తుప్పట్టేస్తాది. పదేళ్ళకి పెచ్చులూడి నీ నెత్తి మీదే పడతాది."

ఆమె ఆ సగం బీము వంక చాలాసేపు చూసింది.

"నా నెత్తి మీద అతుకు నాకొద్దు," అంది. నా వంక చూడలేదు. తిట్టనూ లేదు. ఆ రోజు డైరీలో "లోపం నాది" అని రాసుకున్నాను.

లోపం నాదని తెలిసింది గానీ, ఎక్కడుందో తెలియలేదు. గోడలు లేచేలోగా పట్టికని మూడుసార్లు మార్చాను. వేళలు మార్చాను, ట్రాక్టరు బదులు ఆటో ట్రాలీ రాశాను. మూడింటిలోనూ ఇసుకకి ఒక గడి, కంకరకి ఒక గడి, సిమెంటుకి ఒక గడి. జనవరి చివర్లో మూడో పట్టిక పట్టుకుని ఆమెకి చూపించడానికి వెళ్ళాను. ఇంట్లో లేదు. ఒడ్డున ఉందన్నారు.

ఒడ్డున ఆమె పెట్టెలు సర్దుతోంది. పేటలో పది పన్నెండు మంది ఆడవాళ్ళ చేపలు ఒకే ఆటోలో వెళ్తాయి. ఒకరు టెక్కలిలో, ఒకరు కోటబొమ్మాళిలో, ఒకరు మా ఊళ్ళో దిగుతారు. ఎవరి పెట్టె వాళ్ళదే. అడుగున ఐసు, దాని మీద చేపలు, మళ్ళీ ఐసు, పైన తడి గోనె. చివర్న దిగే మా ఊరి పెట్టెలు ముందు ఎక్కించింది. ముందు దిగే టెక్కలి పెట్టెలు చివర్న ఎక్కించింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఆటో బయల్దేరడానికి పది నిమిషాలు పట్టలేదు.

అది ఆమె మా ఊరికి వచ్చే రోజు కాదు. ఆటో కదిలాక పట్టిక చూపించాను. ఆమెకి చదవడం కొద్దిగా వచ్చు. వేలు పెట్టి గడులు ఒక్కొక్కటీ చూసింది.

"ఇదేటి బాబూ, ఇసకంతా ఒకసారేనా?"

"ఒక వస్తువు పూర్తయ్యాక ఇంకొకటి. అప్పుడు లెక్క తప్పదు."

"లెక్క తప్పదు సరే. నాను ఐసంతా ముందు ఆటోలో ఎక్కించీసి, సేపలు రెండో ఆటోలో అంపితే ఏటవుతాది?"

నేను పట్టిక మళ్ళీ చూసుకున్నాను.

"ఐసు నీరైపోతాది, సేప కుళ్ళిపోతాది. లెక్క మాత్రం సరిపోద్ది." నవ్వింది. తర్వాత అడిగింది. "ఆ మిల్లరు ఒక్క దఫాకి ఏటి తింటాది?"

"బస్తా సిమెంటు, నాలుగు తట్టల ఇసుక, ఎనిమిది తట్టల కంకర, కొలిచి నీళ్ళు."

"అయితే అదే పెట్టి. ఏ పెట్టికాపెట్టి. ట్రాక్టరు ఒకసారొచ్చిందంటే అందులో అన్నీ ఉండాల. ఇసకా, కంకరా, సిమెంటూ, మంచినీళ్ళ డ్రమ్మూ. అది తినీసినాక రెండోది రావాల. సందులో పొయ్యడమేటి? ట్రక్కే దుకానం."

నేను ఒడ్డునే కూర్చుండిపోయాను. నాకు శృంగవరపుకోట గోడౌను గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వానాకాలం, కంకర రాలేదని పని ఆగి, సిమెంటు బస్తాలు నాలుగు నెలలు అక్కడే ఉండిపోయాయి. తనిఖీకి వచ్చిన అధికారి పుస్తకం చూసి, బస్తాలు లెక్కపెట్టి, సరిపోయిందని సంతకం పెట్టాడు. నేనూ సంతోషించాను. బస్తాలన్నీ రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. పుస్తకం ప్రకారం అది సిమెంటే. ముప్పై నాలుగేళ్ళు నేను ఏ వస్తువు ఎంత ఉందో చూశాను. ఏది దేనితో కలిసి, ఏ గంటకి కావాలో చూడలేదు. చేపలమ్మే మనిషికి ఆ రెండో సంగతి తెలియకపోతే ఒక్కరోజు కూడా గడవదు.

కొత్త పట్టికలో వస్తువుల గడులు లేవు. నాలుగు పెట్టెలున్నాయి. మొదటి మూడూ పదిహేను బస్తాలవి, చివరిది ఎనిమిదిది. ట్రక్కు మధ్యలో చెక్క అడ్డం పెట్టి ఒకవైపు ఇసుక, ఒకవైపు కంకర. పైన సిమెంటు, వెనక నీళ్ళ డ్రమ్ము. మేస్త్రి దాన్ని రెండుసార్లు చదివి, "ఇది ఎవులు రాసినారు?" అన్నాడు. నేను ఆమెని చూపించాను. "అయితే వస్తాను," అన్నాడు.

ఇక ఆ బుధవారం.

పడవలు ఎప్పటిలాగే తెల్లవారుజాము నుంచి రావడం మొదలుపెట్టాయి. చివరి చేపలు కూడా వెళ్ళిపోయి, తొమ్మిదిన్నరకి సందు ఖాళీ అయింది. దూరం పోయిన ఐదు బోట్లు ఇంకా రాలేదు. వాటిలో ఒకటి ఆమె భర్తది. అవి సాయంత్రానికి గానీ రావని అంతా అన్నారు. నేనూ పట్టికలో అలాగే రాసుకున్నాను.

అత్తగారు కొబ్బరికాయ కొట్టింది. మొదటి ట్రక్కు లోపలికి వచ్చింది. మిల్లరు తినడం మొదలుపెట్టింది. తట్టలు చేతుల మీదుగా పైకి వెళ్తున్నాయి. పైన మేస్త్రి తూర్పు గోడ నుంచి పడమటికి పోయిస్తూ వస్తున్నాడు. ట్రక్కు ఖాళీ అయ్యేసరికి రోడ్డు మీద రెండోది నిండి ఉంది. ట్రాక్టరు ఖాళీ ట్రక్కుని వదిలి నిండినదాన్ని తగిలించుకుని వచ్చేది. నేను టీ కొట్టు దగ్గర నిలబడి నింపే పని చూస్తున్నాను. మిల్లరు చప్పుడు అక్కడికి వినిపిస్తుంది. మూడు పెట్టెలు అయ్యేదాకా ఆ చప్పుడు ఆగలేదు. ఒక పని అలా నడవడం నా జీవితంలో మొదటిసారి చూశాను.

ఒంటిగంటకి మూడో పెట్టె అయిపోయింది. నాలుగోది, చివరిది, సందు మొదట్లో తిరగబోతుండగా ఒడ్డు వైపు నుంచి కేకలు వినిపించాయి. ఐదు బోట్లూ వచ్చేశాయి. కానాగడత చేపల గుంపు తగిలిందట, బోట్లు అంచుల దాకా నిండి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ. కానాగడత ఆ ఎండలో గంటసేపు ఆగదు.

ట్రాక్టరు సందు మొదట్లో ఆగింది. దాని వెనక చేపల ఆటోలు వచ్చి నిలబడ్డాయి. డ్రైవరు నా వంక చూశాడు. నేను సందు వెంబడి గబగబా ఇంటి దగ్గరికి వెళ్ళాను.

మేస్త్రి పై నుంచి వంగి చూస్తున్నాడు. పడమటి వైపు ఇంకా ఒక గది మేర మిగిలి ఉంది. పోసిన కాంక్రీటు అంచు మీద తడి గోనెలు కప్పించాడు.

"అప్పా, ఈ అంచు గంటసేపు బతుకుతాది. ఆపైన నాను సెప్పలేను. ట్రాక్టరు రానీ."

"పడవలొచ్చినాయి."

"పడవలు కాసేపాగలేవేటి? నీ మావవే కదా!"

"మావవైతే ఏటి? ఆ సేపలు ఐదిళ్ళవి. సందు సేపలది." ఆమె గొంతులో తొట్రుపాటు లేదు గానీ, కొంగుని పిడికిట్లో నలిపేస్తోంది. రోడ్డు వైపు చూసింది. ఒడ్డు వైపు చూసింది. అటు నుంచి ఆమె భర్త తడి బట్టలతో, నవ్వు ముఖంతో పరిగెత్తుకొస్తున్నాడు.

"ఒసే! సూసినావేటే ఏట! ఇలగ పడి ఆరేళ్ళయింది!"

"ఇవేళే పడాలేటి మావా నీకు!" అంది ఆమె. ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు.

అప్పుడు మొదటి గంపలు మోసుకుంటూ ఆడవాళ్ళు సందులోకి వచ్చారు. ఆటోలు లోపలికి రాకపోవడం చూసి, గంపలతో రోడ్డు దాకా నడవాలా అని విసుక్కుంటున్నారు. ఇద్దరు అప్పటికే చేపలు దింపి ఖాళీ చేతులతో వెనక్కి వస్తున్నారు. ఆమె వాళ్ళనే చూస్తూ నిలబడింది. నేనూ చూశాను, నాకేమీ కనిపించలేదు. ఆమెకి కనిపించింది.

"ఒలే, ఆగండే!" అని అరిచింది. "ఎల్లినప్పుడు నెత్తి మీద సేపలుంటాయి. ఎనక్కొచ్చినప్పుడు ఏటుంటాది?"

"గాలుంటాది. ఏటే?"

"ఆ గాలి బదులు నా కంకర ఎత్తుకు రండే. ఆటోలు రోడ్డు మీదే ఉండనీయండి, ట్రాక్టరూ అక్కడే ఉంటాది. సేపలటు, కంకరిటు. సందు ఎవులికీ అడ్డముండదు."

"మా నెత్తులేటి నీ ట్రాక్టరేటే?" అంది ఒక పెద్దావిడ. ఇసుక దిబ్బ రోజున అందరికంటే ఎక్కువ తిట్టింది ఆవిడే.

"నా నెత్తి మీద కప్పు లేదత్తా. మీ నెత్తులే ఉన్నాయి."

పెద్దావిడ గంప సర్దుకుంది. "సరే, నడవండే," అని వెనకవాళ్ళని గదిమింది. "దీని కప్పు కూలితే మళ్ళీ మనింట్లోనే పడుకుంటాది."

మేస్త్రి పై నుంచి కేక వేశాడు. "సేపల గంపల్లో నా ఇసక ఎత్తారంటే ఊరుకోను! ఉప్పంటుకుంటాది!"

"నీ తట్టలే ఇయ్యి మరి!"

ఆ తర్వాతి ఏర్పాటు రెండు నిమిషాల్లో అయిపోయింది. రోడ్డుకి వెళ్ళే ప్రతి మనిషీ నెత్తిన చేపల గంప, చంకన మేస్త్రి ఖాళీ తట్ట పట్టుకుని వెళ్తుంది. గంప ఆటో దగ్గర దింపి, చేతులు ట్యాంకరు నీళ్ళతో కడుక్కుని, ట్రక్కు దగ్గర తట్ట నింపించుకుని తిరిగి వస్తుంది. తట్ట మిల్లరు దగ్గర బోర్లించి, ఖాళీ తట్టతో మళ్ళీ ఒడ్డుకి పోతుంది. సిమెంటు బస్తాలు ఎనిమిదీ బోట్ల మీద నుంచి దిగిన మగవాళ్ళు భుజాన వేసుకున్నారు. మొదటి బస్తా ఆమె భర్తది. నీళ్ళకి, మూడో ట్రక్కుతో వచ్చి మిల్లరు దగ్గరే దింపిన డ్రమ్ములో మిగిలినవి సరిపోయాయి.

నాకు మిగిలిన పని ఒకటే. ట్రక్కు దగ్గర నిలబడి వరస తప్పకుండా చూడడం. ఒక మనిషికి ఇసుక, తర్వాతి ఇద్దరికి కంకర. అలా అయితే మిల్లరు దగ్గరికి వెళ్ళేసరికి పాళ్ళు వాటంతటవే సరిపోతాయి. "ఇసుక ఒకటి, కంకర రెండు" అంటూ గట్టిగా చెబుతున్నాను. కాసేపటికి వాళ్ళే నాతోపాటు అనడం మొదలుపెట్టారు.

"బాబు తాళమేస్తన్నాడే! కోలాటం మొదలెట్టండే!"

"కంకర రెండంట. నీకేటే ఇసకొచ్చింది? బాబుకి నువ్వంటే జాలేటి?"

నేను వరస తప్పలేదు. నవ్వాను గానీ వరస తప్పలేదు.

ఎవరూ పరిగెత్తలేదు. గంప మోసే నడక ఒకటుంటుంది, మోకాళ్ళు కొద్దిగా వంచి, మెడ కదలకుండా. ఆ నడకే అటూ ఇటూ. సందులో రెండు వరసలు ఎదురెదురుగా పోతున్నాయి, ఒకదానికి ఒకటి తగలడం లేదు. రోడ్డుకీ ఇంటికీ మధ్య ఒక్క మనిషి కూడా ఖాళీ నెత్తితో నడవడం లేదు. మా లారీలు శృంగవరపుకోట దాకా సిమెంటు తెచ్చి, ఖాళీగా విశాఖపట్నం తిరిగి వెళ్ళేవి. అన్నేళ్ళూ ఆ ఖాళీ లారీలకి గేటు తీసి, వెళ్ళిన వేళ రాసి, మళ్ళీ గేటు వేశాను.

గంప మీద నుంచి ఒక కానాగడత జారి ట్రక్కులోని ఇసుకలో పడింది. పెద్దావిడ దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. "నీ కూలి బాబూ," అంది.

నేను మిల్లరు చప్పుడు వింటున్నాను. ఒంటిగంటకి ఆగిన చప్పుడు ఒంటిగంటా ఇరవైకి మొదలైంది. ఆగుతూ సాగుతూ నడిచింది. రెండున్నరకి పూర్తిగా ఆగింది. ట్రక్కులో అడుగు చెక్క కనిపిస్తోంది. ఒడ్డున బోట్లు ఖాళీ అయ్యాయి, ఆటోలు వెళ్ళిపోయాయి.

ఇంటి దగ్గరికి వెళ్ళేసరికి మేస్త్రి పైన మోకాళ్ళ మీద కూర్చుని పడమటి మూల నున్నగా చేస్తున్నాడు. గోనెలు తీసేసి ఉన్నాయి. కింద ఆమె అందరికీ గ్లాసుల్లో బెల్లం నీళ్ళు పోస్తోంది. నాకు ఇచ్చేటప్పుడు గొంతు తగ్గించి అడిగింది.

"ఇరవై నిమసాలు ఆగినాది కదా బాబూ. అతుకు పడుంటాదా?"

"మేస్త్రిని అడగమ్మా."

"మేస్త్రి బాగుందనే అంటాడు, ఆయన పని కదా. మా మావ ఏదైనా బాగుందనే అంటాడు. రేపు తెల్లారి ఆరినాక మీరొచ్చి సూసి సెప్పండి. నాను తెల్లారకముందే సేపలకెల్లిపోవాల. మీరు లేనిది ఉందని రాయరు, ఉన్నది లేదని రాయరు."

ఇరవై నిమిషాలకి సాధారణంగా ఏమీ కాదని నాకు తెలుసు. ఆ ఎండకి అంచు ఎంత ఆరిందో మాత్రం తెలియదు. ఆ మాట చెప్పి, వస్తానన్నాను. చేప రుమాల్లో చుట్టుకుని బస్సెక్కాను.

మర్నాడు ఫిబ్రవరి పదమూడు, గురువారం. మొదటి బస్సుకి వెళ్ళాను. మేస్త్రి అప్పటికే పైన ఉన్నాడు. శ్లాబు మీద మట్టి గట్లు కట్టి మళ్ళు మళ్ళుగా చేస్తున్నాడు, నీళ్ళు నిలబెట్టడానికి. అత్తగారు బిందెతో నిచ్చెన కింద నిలబడి ఉంది. ట్యాంకరు నీళ్ళని ఒక్కొక్క బిందెకీ నాలుక మీద చుక్క వేసుకుని చూసి, ఉప్పు లేదని నమ్మకం కుదిరాకే పైకి అందిస్తోంది.

"సూడండి," అన్నాడు మేస్త్రి. "ఎక్కడాగిందో మీరే సూపించండి."

చెప్పులు విప్పి పైకి ఎక్కాను. పడమటి గది మీద, గోనెలు కప్పిన చోటు నాకు గుర్తుంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వంగి నడిచాను. అరచేత్తో తడిమాను. నీళ్ళు నిలిపిన మడిలో గాలి బుడగలు లేస్తాయేమోనని చూశాను. మేస్త్రి నీళ్ళు పొయ్యడం ఆపించి నా కోసం ఆగాడు. రెండోసారి ఎదురు దిక్కు నుంచి నడిచాను. మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ఒక మూల ఆడమనిషి వేలి గుర్తు ఒకటి ఉంది. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో నొక్కి చూసినట్టుంది. గీత మాత్రం ఎక్కడా లేదు.

"అతుకుందా బాబూ?" అని కింద నుంచి అత్తగారు అడిగింది.

"లేదమ్మా."

ఆవిడ ఇంకో బిందె ఎత్తి, చుక్క రుచి చూసి, పైకి అందించింది.

తిరుగు బస్సు నరసన్నపేటలో దిగేసరికి తొమ్మిది దాటింది. బస్సు కాంప్లెక్సు ఎదుట జనం మధ్య ఆమె కనిపించింది. రోడ్డు దాటడానికి నిలబడి ఉంది, నెత్తిన గంప సగం ఖాళీ అయింది. పదిహేనేళ్ళలో ఎనిమిదిన్నర దాటాక ఆమెని అక్కడ చూడడం అదే మొదలు. మా ఇంటికి వెళ్ళి, నేను లేనని తెలిసి, బస్సు దగ్గర కాచుకుని ఉందన్నమాట. నన్ను చూసింది. ఏమీ అడగలేదు, కనుబొమలు మాత్రం ఎత్తింది.

మధ్యలో లారీ పోతోంది. నా మాట వినిపించదు. అరచెయ్యి ఎత్తి, అతుకు లేదని అడ్డంగా ఊపాను.

లారీ పోయేసరికి ఆమె గంప సర్దుకుని, మిగిలిన ఇళ్ళ వైపు నడుస్తోంది.